టెస్టరుగారి ముప్పై నాలుగు

అబద్ధమాడటానికి నాకు అవసరమంటూ ఉండక్కర్లేదు. నాలుగో తరగతిలో పలక ఏదిరా అని అడిగితే దూడ తినేసిందని చెప్పాను. మాస్టారు బెత్తం పక్కన పెట్టి, "అయ్యో, దూడ ఎలా ఉంది?" అన్నారు. రెండు రోజులు బడికి రాగానే ముందు దూడ కబురే అడిగేవారు. మూడో రోజు దూడ కోలుకుందని చెప్పి నేనే ఆయన్ని ఊరడించాల్సి వచ్చింది. అది మొదలు ఈ డెబ్భై ఆరో ఏటి దాకా ఎన్ని అల్లానో లెక్కలేదు గానీ, నా కోతల వల్ల ఎవరికీ జలుబైనా చెయ్యలేదని ధీమాగా ఉండేవాణ్ణి.

మా అల్లుడు హైబ్రిడ్ బండి కొన్నాక ఆ ధీమా పోయింది.

అల్లుడంటే సొంత అల్లుడు కాదు, మా అన్న రెండో కూతురి మొగుడు. అన్నా వదినా ఏనాడో పోయారు. ఆడపిల్లలిద్దరికీ పుట్టింటివాడంటూ మిగిలింది నేనొక్కణ్ణే. పెద్దది నూట తొంభై కిలోమీటర్ల అవతల ఉండేది. చిన్నది మా వీధిలోనే, నాలుగిళ్ల తరవాత. చిన్నదంటే చిన్నపిల్ల అనుకునేరు, అరవై దాటింది. నాకు మాత్రం ఇప్పటికీ చిన్నదే.

అల్లుడు తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాడు. ముప్పై మూడేళ్లు కొట్టు కొట్టూ ఎక్కి కాటాలు తనిఖీ చేసిన మనిషి. అతని నోట "సుమారుగా" అన్న మాట రాదు. టైమెంతయ్యా అంటే తొమ్మిదీ పదిహేడు అంటాడు. పంచదార చెంచాకి గుట్టగా ఉంటే చూపుడువేలితో గీసి చదును చేసి మరీ కాఫీలో వేసుకుంటాడు. ఆఫీసులో వాళ్లు అతనికి పెట్టిన పేరు పాయింటు. పాయింటు బజారులో అడుగుపెడితే తక్కెడలు వాటంతటవే సర్దుకుని నిలబడేవని చెప్పుకునేవారు. ఇది మాత్రం నేను అల్లింది కాదు. మొత్తం కాదు.

చిన్నది ఇరవై ఎనిమిదేళ్లు ఆసుపత్రి లాండ్రీలో పనిచేసింది. దుప్పట్లు ఉడికే గది అది. బయట ఏ కాలమైనా లోపల నిప్పులగుండమే. ఆ ఆవిరిలో నిలబడి నిలబడి దాని ఒంటికి వేడంటే పడకుండా పోయింది. ఎండ కాస్త ముదిరితే చాలు, మెడంతా ఎర్రగా పొంగిపోతుంది. ఎప్పుడు చూసినా తడి తువాలు భుజం మీద ఉండాల్సిందే.

ఇద్దరి రిటైర్మెంటు డబ్బూ చెరిసగం వేసి బండి కొందామనుకున్నారు. షోరూముకి నన్నూ తీసుకెళ్లారు. అమ్మే కుర్రాడు చిన్నదాన్ని ముందు సీట్లో కూర్చోబెట్టి ఏదో మీట నొక్కాడు. సీటుకున్న సన్నటి చిల్లుల్లోంచి చల్లగాలి వచ్చింది. చిన్నది కళ్లు మూసుకుంది. అలా ఎంతసేపు కూర్చుందో ఏమో, "బాబాయ్, వీపు వెనక ఎవరో కూర్చుని విసురుతున్నట్టుందే" అంది. దాని మొహంలో అంత హాయి నేను చూసి ఎన్నేళ్లయిందో.

"ఇదే కొందామండీ" అంది మొగుడితో.

అల్లుడికీ ఆ బండే నచ్చింది, గాలికి కాదు. కాగితంలో మైలేజీ ఇరవై ఏడు పాయింట్ తొమ్మిది ఏడు అని వేసి ఉంది. "పాయింటు తరవాత రెండంకెలు వేశారంటే, మామయ్యగారూ, మాట మీద నిలబడే కంపెనీ" అన్నాడు.

బండి అయితే భలే బండి. లోపల పెట్రోలు ఇంజనూ ఉంది, బ్యాటరీతో తిరిగే మోటారూ ఉంది. మెల్లగా పోతే ఇంజను పడుకుంటుంది, మోటారు లాగుతుంది. కాలు ఎత్తేస్తే చాలు, దొర్లుతూ దొర్లుతూ తన బ్యాటరీ తనే నింపుకుంటుంది. పైకప్పంతా అద్దం. నాలుగువైపులా కెమెరాలు. బండి వెనక పడుకున్న కుక్క ఏ చెవి గోక్కుంటోందో కూడా తెర మీద కనిపిస్తుంది. అదే తెరకి ఓ మూల, లీటరుకి ఎన్ని కిలోమీటర్లు ఇస్తోందో ఆ అంకె. మిగతా వైభోగమంతా మా అల్లుడికి కనపళ్లేదు. ఆ అంకె ఒక్కటే కనపడింది.

మొదటి నెల ఇరవై నాలుగు పాయింట్ ఆరు వచ్చింది. పట్టపగలు జేబు కొట్టేసినట్టు మొహం పెట్టాడు. సొంత కొలత డబ్బా పట్టుకుని పెట్రోలు బంకుకి వెళ్లి వాళ్ల గొట్టాన్ని పరీక్షించాడు. గొట్టం తప్పు లేదని తేలాక, తప్పు తన కాలిదేనని నిర్ణయించుకున్నాడు. రెండో నెల ఇరవై ఏడు పాయింట్ మూడు తెచ్చాడు.

ఆ బండి కొన్నవాళ్లందరికీ ఫోన్లో ఓ గ్రూపు ఉంది. నడిపేది షోరూము మేనేజరు. ప్రతి నెలా చివరి రోజు సాయంత్రం ఆరింటిలోగా అందరూ తెర ఫోటో తీసి పెట్టాలి. ఎవరి అంకె ఎక్కువైతే వాళ్లకి ఎర్ర టోపీ పంపిస్తారు. దాని మీద "మైలేజీ మొనగాడు" అని కుట్టి ఉంటుంది. ఆ నెల టోపీ ఓ పళ్ల డాక్టరు కొట్టుకుపోయాడు. రెండు పాయింట్ల తేడా. అల్లుడు మా అరుగు మీద కూర్చుని ఆ పళ్ల డాక్టరు మీద విరుచుకుపడుతున్నాడు. గంట నుంచీ అదే గోల. నాకు ఆవలింత వచ్చింది. ఆవలింత వస్తే నా నోరు ఊరికే ఉండదు.

"ఇరవై ఏడంటే బాగానే ఉందయ్యా. మా టెస్టరు వింటే నవ్వుతాడు గానీ" అన్నాను.

"ఏ టెస్టరు?"

"పాలకేంద్రంలో పాలు పరీక్షించేవాడు. నాతోపాటు చదువుకున్నాడు. వాడిదీ ఇదే బండి. ముప్పై నాలుగు ఇస్తోంది."

అల్లుడు కాఫీ గ్లాసు కింద పెట్టేశాడు. "ఈ బండి ముప్పై నాలుగు ఇవ్వదు."

"నీకు ఇవ్వదు. వాడు చెప్పులేసుకుని తోలడు కదా. ఒట్టి పాదంతో పెడలు నాడి చూస్తాడు. కొన్నాక ఒక్కసారీ బ్రేకు తొక్కలేదు. వెనకున్న ఎర్ర లైటు వెలుగుతుందో లేదో వాడికే తెలీదు. ఏసీ వెయ్యడు. స్పేరు టైరూ జాకీ తీసి అటక మీద పెట్టాడు. ఎక్కేవాళ్లని ముందు అటు వెళ్లి రమ్మంటాడు."

"ఎటు?"

"ఎటేమిటయ్యా, దొడ్లోకి. మనిషికి అర లీటరు బరువు తగ్గుతుందట."

ఇంకొకడైతే పగలబడి నవ్వేవాడు. అల్లుడు జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నాడు. "అర లీటరు. అంటే సుమారు..." అని, సుమారు అన్నందుకు తనే నాలిక కరుచుకుని, "ఐదువందల గ్రాముల పైచిలుకు. నిజమే" అన్నాడు.

మర్నాటి నుంచి చెప్పుల్లేకుండా తోలడం మొదలుపెట్టాడు. స్పేరు టైరు అటకెక్కింది. సీట్ల మీది ప్లాస్టిక్ కవరు షోరూములో వేసినది వేసినట్టే ఉంచేశాడు. అది తీస్తే చల్లగాలి మీట నొక్కబుద్ధేస్తుందట. ఏసీ బంద్. బండి ఎక్కబోయే ప్రతివాణ్ణీ తలుపు దగ్గర నిలబెట్టి, "వెళ్లొచ్చారా?" అని అడుగుతాడు. వెళ్లొచ్చామని ఊరికే అంటే సరిపోదు, మొహంలోకి చూసి నిజమో కాదో తేల్చుకుంటాడు. ముప్పై మూడేళ్ల తనిఖీ చూపు మరి.

చిన్నది ఆ ప్లాస్టిక్ మీద చెమటలో జారిపోతూ, తడి తువాలు మెడకి చుట్టుకుని కూర్చునేది. ఒకరోజు నా దగ్గరకొచ్చింది.

"బాబాయ్, ఆ టెస్టరుగారింట్లో ఆడవాళ్లు లేరా?"

"ఎందుకు లేరమ్మా, భార్య ఉంది."

"ఆవిడకి ఉక్కపొయ్యదా?"

అప్పుడు చెప్పేయొచ్చు, టెస్టరూ లేడు, బండీ లేదు, నువ్వు వెళ్లి ఏసీ వేసుకోమ్మా అని. నోటిదాకా వచ్చింది కూడా. కానీ అప్పటికి వారం రోజులుగా అల్లుడు రోజూ వచ్చి "టెస్టరుగారు ఏమంటున్నారు?" అని అడుగుతున్నాడు. నేను రోజుకో ముక్క కలుపుతున్నాను. కథ మంచి ఊపులో ఉంది.

"ఆవిడ చలిమనిషమ్మా" అన్నాను.

చిన్నది నా వంక కాసేపు చూసి, తువాలు పిండుకుని వెళ్లిపోయింది.

ఆ ఎండాకాలంలోనే పెద్దది పోయింది. పొద్దున ఆరింటికి ఫోను వచ్చింది. పదకొండింటికి తీసుకెళ్తామన్నారు. చిన్నది ఏడవలేదు. "అక్క మొహం చూడాలి" అని ఒక్కమాటే అంది. ఏడింటికి బయల్దేరాం. ముందు అల్లుడూ చిన్నదీ, వెనక నేను. గుమ్మంలో "వెళ్లొచ్చారా?" ఆ రోజూ తప్పలేదు.

నూట తొంభై కిలోమీటర్లు. మామూలుగా తోలితే మూడు గంటలు. అల్లుడు నలభై ఎనిమిది దాటనివ్వలేదు. లారీలు, ట్రాక్టర్లు, ఆఖరికి కోళ్లబండి కూడా మమ్మల్ని దాటుకుపోయింది. బోనుల్లోంచి కోళ్లు మావంక జాలిగా చూసినట్టే అనిపించింది.

"కాస్త తొందరగా పోనివ్వండి" అంది చిన్నది.

"లెక్క వేశాను. ఇలాగే పోతే పదీ యాభై ఎనిమిదికి గుమ్మంలో ఉంటాం. రెండు నిమిషాలు మిగులు."

"రెండు నిమిషాలేనా అండీ?"

"మొహం చూడటానికి ఎంతసేపు కావాలి?"

నేను వెనకనుంచి ఒక్క మాట అనొచ్చు. అనలేదు. ఎందుకనలేదో చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ చెబుతాను. తెర మీద అంకె ముప్పై ఒకటి దాటింది. నేను ఊరికే అల్లిన సంగతులు ఒక్కొక్కటీ పనిచేస్తున్నాయి. ఒట్టి పాదం, తొక్కని బ్రేకు, ఖాళీ పొట్టలు. నా మెడ కూడా ముందుకి సాగి ఆ అంకెనే చూస్తోంది.

ఊరు ఇంకో పది కిలోమీటర్లుందనగా రైలు గేటు పడింది. ఒక గూడ్సు పోయాక ఇంకోటి ఉందని గేటు ఎత్తలేదు. ఇరవై ఆరు నిమిషాలు. చిన్నది సీటు అంచుకి జరిగి గేటునే చూస్తోంది. దాని తువాల్లో తడి ఎప్పుడో ఆరిపోయింది. అల్లుడు మాత్రం నిమ్మళంగా ఉన్నాడు. "ఇంజను ఆగే ఉంది. మనకేం నష్టం లేదు" అన్నాడు.

మేం వెళ్లేసరికి గుమ్మం ముందు కుర్చీలు మడిచి బండిలో వేసుకుంటున్నారు. శ్మశానం దాకా వెళ్లే ఓపిక లేక ఆగిపోయిన పెద్దదాని మొగుడు నీరసంగా లేచి వచ్చాడు. "ఇప్పుడేనమ్మా, తీసుకెళ్లి పావుగంటైంది. మీ కోసమే ఆపాం, ఇంక ఎండకి ఆగలేమన్నారు" అన్నాడు. చిన్నది లోపలికెళ్లి మంచం ఉన్న చోట నిలబడింది. మంచం తీసేశారు. కిటికీలో పెద్దదాని కళ్లద్దాలున్నాయి. అవి తీసి, కొంగుతో తుడిచి, మళ్లీ అక్కడే పెట్టింది.

బయట అల్లుడు తోడల్లుడి భుజం మీద చెయ్యి వేశాడు. ఓదారుస్తున్నాడనుకున్నాను.

"ముప్పై ఒకటి పాయింట్ రెండు" అన్నాడు. "ఏసీ లేకుండా."

తిరిగి ఇల్లు చేరి బండి దిగాక చిన్నది, "నాకూ తోలడం నేర్పండి" అంది.

అల్లుడు పొంగిపోయాడు. ముప్పై ఏడేళ్ల కాపురంలో పెళ్లాం తనని నేర్పమన్నది అదే మొదలట. రోజూ పొద్దున్నే మైదానం చుట్టూ తిప్పించాడు. పాఠమంతా టెస్టరుగారి పాఠమే. చెప్పులిప్పు. నాడి చూడు. దూరాన సిగ్నలు కనపడగానే కాలెత్తేయ్, దొర్లనీ. బ్రేకు తొక్కినప్పుడల్లా పుస్తకంలో ఒక గీత గీసేవాడు. మొదటి వారం పేజీ నిండా గీతలే. నెల తిరిగేసరికి గీతలు లేవు. లాండ్రీలో ఇరవై ఎనిమిదేళ్లు మిషన్ల మీటలతో బతికిన చెయ్యి, కాలు దానివి. ఏ పనైనా చెప్పినట్టు చెయ్యడం దానికి వెన్నతో పెట్టిన విద్య. అల్లుడు తోలితే ముప్పై రెండు, చిన్నది తోలితే ఒక్కోరోజు ముప్పై నాలుగున్నర.

"ఇది నన్ను మించిపోయింది మామయ్యగారూ" అన్నాడు. అతని మొహంలో సంతోషం ఎంతో, ఏడుపు ఎంతో తూచడానికి ఏ కాటా చాలదు. అయినా ఫోటోలో మనిషి పడడు కదా, అంకే పడుతుంది. తరవాతి నెలంతా చిన్నదాని చేతే తోలించాడు. నెలాఖరుకి బండి సగటు ముప్పై మూడు పాయింట్ తొమ్మిది.

ఆఖరి రోజు పొద్దున వాళ్లింట్లో కాఫీ తాగుతున్నాను. "ఇంకొక్క పాయింటు, మామయ్యగారూ. సాయంత్రం లోపల ఒక్క పాయింటు. మీ టెస్టరు పక్కన నిలబడతాను" అంటూ అల్లుడు గ్లాసు ఎత్తాడు. ఎత్తిన గ్లాసు కుడిచేతిలోంచి జారి పడిపోయింది. అది తీద్దామని వంగబోతే ఆ చెయ్యి సాగలేదు. మూతి ఎడమవైపుకి లాక్కుపోయింది.

చిన్నది వంటగదిలోంచి వచ్చి ఒక్క చూపు చూసింది. ఆసుపత్రిలో బతికిన మనిషి. దానికి ఎవరూ చెప్పక్కర్లేదు.

"పక్షవాతం వస్తోంది. లేవండి, వెళ్దాం."

అల్లుడు గోడ గడియారం వంక చూశాడు. మాట ముద్దగా వస్తోంది. "ఎనిమిదీ... పన్నెండు. ఇప్పుడు సిగ్నళ్ల దగ్గర... రద్దీ. పదింటికి... వెళ్దాం. రోడ్డు ఖాళీ... పాయింటు... వస్తుంది."

"నీకేమైనా మతి పోయిందా అల్లుడూ? నేను అంబులెన్సుకి ఫోను చేస్తాను" అని లేచాను.

"ఎక్కను" అన్నాడు. మంకుపట్టు పట్టిన పిల్లాడిలా ఎడమచేత్తో కుర్చీ గట్టిగా పట్టుకున్నాడు.

చిన్నది నా చేతిలోంచి ఫోను మెల్లగా తీసుకుని బల్ల మీద బోర్లించింది. "పదింటికి అంటున్నారుగా బాబాయ్. ఆయన లెక్క వేసే ఉంటారు."

కింద పడిన కాఫీ తుడిచింది. నాకు ఇంకో గ్లాసు కలిపి ఇచ్చింది. పంచదార చెంచా చూపుడువేలితో చదును చేసి మరీ వేసింది. అతనికెదురుగా కుర్చీ వేసుకుని, ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చుంది. ఆ బల్ల మీది ఫోను నాకు చెయ్యి చాపితే అందేంత దూరంలోనే ఉంది. నేను చాపలేదు. దాని మొహం చూస్తే నాకు భయం వేసింది. భయం ఒకటే కాదు, రైలు గేటు దగ్గర దాని వీపు గుర్తొచ్చింది.

సరిగ్గా పదింటికి లేచింది. "వెళ్లొచ్చారా అండీ?" అని అడిగింది.

అల్లుడు వెళ్లాడు. కుడికాలు ఈడ్చుకుంటూ, గోడ పట్టుకుంటూ. పోవడానికీ రావడానికీ పన్నెండు నిమిషాలు పట్టింది. చిన్నది తలుపు దగ్గర నిలబడి అతని మొహంలోకి చూసి, సరేనని తల ఊపి, బండి ఎక్కించింది. చెప్పులిప్పి పక్కన పెట్టింది. బల్ల మీది ఫోను జేబులో వేసుకుని నేను వెనక కూర్చున్నాను.

ఆసుపత్రి పద్దెనిమిది కిలోమీటర్లు. వీధి మలుపు తిరగ్గానే చిన్నది పెడలు గట్టిగా తొక్కింది. ఇంజను లేచి గుర్రుమంది. అంకె ముప్పై మూడు పాయింట్ ఎనిమిదికి దిగింది. అల్లుడి గొంతులోంచి ఒక మూలుగు వచ్చింది. నొప్పి మూలుగు కాదు.

"మె... ల్ల... గా."

"మెల్లగానా అండీ?"

"మెల్లగా."

"మీ ఒంట్లో బాగాలేదు. తొందరగా వెళ్తే మంచిది. నిజంగా మెల్లగానే పోనిమ్మంటారా?"

"మెల్లగానే!" అని ఎడమచేత్తో తెర మీద కొట్టాడు.

చిన్నది అద్దంలో నావంక చూసింది. "బాబాయ్, మూడుసార్లు అడిగాను. విన్నావుగా."

కాలు ఎత్తేసింది. ఇంజను పడుకుంది. చప్పుడు లేకుండా బండి దొర్లుతోంది. పక్కనుంచి సైకిలు మీద ఒకాయన మమ్మల్ని దాటిపోతూ లోపలికి తొంగి చూశాడు.

ఇంక ఆగలేకపోయాను. ముందుకి వంగి అల్లుడి భుజం పట్టుకున్నాను. "అల్లుడూ, నామాట విను. టెస్టరు లేడు. పాలకేంద్రంలో నాకెవరూ తెలీదు. ముప్పై నాలుగూ లేదు, చెప్పుల్లేకుండా తోలడమూ లేదు, అంతా నేను అల్లాను. ఊరికే నవ్వుకోడానికి అల్లాను. చిన్నదాన్ని తొందరగా పోనిమ్మను, నీ కాళ్లు పట్టుకుంటాను."

డెబ్భై ఆరేళ్లలో అంత నిజం నేనెప్పుడూ చెప్పలేదు. చిన్నది రోడ్డు మీంచి చూపు తిప్పలేదు గానీ, స్టీరింగు మీద దాని వేళ్లు బిగుసుకోవడం చూశాను.

అల్లుడు తల తిప్పాడు. ఉన్న సగం మూతితో నవ్వాడు.

"అబద్ధం" అన్నాడు. "మీ... స్నేహితుడు... ఓడిపోతాడని."

"ఒట్టయ్యా!"

"టెస్టరుగారు... ఆయనే... చెప్పమన్నారా?"

ఎన్ని ఒట్లు పెట్టుకున్నా అతని చూపు అంకె మీదే ఉంది. ఆసుపత్రి గేటు ముందు ఎత్తు దిగుతుంటే ముప్పై మూడు పాయింట్ తొమ్మిది చెరిగి ముప్పై నాలుగు పడింది. పదీ యాభై తొమ్మిదైంది. స్ట్రెచరు తెచ్చేదాకా అతను దిగలేదు. ఎడమచేత్తో నా జేబు లాగి ఫోను చూపించాడు. ఫోటో తీశాను. మొదటిది మసకగా వస్తే, మళ్లీ తీయమని సైగ చేశాడు.

లోపల డాక్టరు, "ఎప్పుడు మొదలైంది?" అని అడిగాడు.

"ఎనిమిదీ పన్నెండు" అంది చిన్నది.

"ఇంతసేపు ఏం చేశారమ్మా? దీనికి నిమిషం నిమిషం లెక్కే."

"రోడ్డు ఖాళీ అవ్వాలన్నారండీ."

అల్లుడు బతికాడు. కుడిచెయ్యి, కుడికాలు పోయాయి. మాట పూర్తిగా పోయింది. బుర్ర మాత్రం బాగానే ఉందని డాక్టర్లు చెప్పారు. అన్నీ వింటాడట, అన్నీ తెలుస్తాయట. అంకెలు కూడా చదవగలడట. ఆ మాట చిన్నది రెండుసార్లు అడిగి రూఢి చేసుకుంది.

ఆ ఫోటోకి ఎర్ర టోపీ పార్సెల్లో వచ్చింది. వారానికి మూడుసార్లు అతన్ని వ్యాయామం చేయించే చోటుకి తీసుకెళ్లాలి. చిన్నదే తోలుతుంది. ఎక్కించడానికీ దించడానికీ మనిషి సాయం కావాలి గనక నేనూ వెళ్తాను. సీట్ల మీది ప్లాస్టిక్ కత్తిరించి చెత్తబుట్టలో వేసింది. తన సీటుకి చల్లగాలి మీట నొక్కుతుంది. ఏసీ ఆఖరి గీత దాకా పెడుతుంది. అద్దం కప్పు తెరలు తీసేస్తుంది. మీదనుంచి ఎండ సరిగ్గా అతని నడినెత్తిన పడుతుందని టోపీ పెడుతుంది. చెప్పులు వేసుకునే తోలుతుంది. సిగ్నలు దాకా ఉరికించి, అక్కడ బ్రేకు మీద నిలబడుతుంది. స్పేరు టైరు మళ్లీ ఎక్కింది. దాంతోపాటు వెనక రెండు ఇసక బస్తాలు కూడా ఉన్నాయి, ఎందుకమ్మా అంటే, "బరువుంటే బండి కుదుపులు తక్కువ, ఆయనకి నడుం నొప్పి" అంది.

నిన్న వెళ్తున్నప్పుడు అంకె పదకొండు పాయింట్ ఎనిమిది. అల్లుడి ఎడమచెయ్యి ఒళ్లోంచి లేచింది. తెర వైపు సాగింది. చిన్నది ఆ చేతిని ఆప్యాయంగా పట్టుకుని మళ్లీ ఒళ్లో పెట్టింది.

"బాబాయ్" అంది వీపు సీటుకి ఆనించి, "టెస్టరుగారికి ఈ నెల ఎంతొచ్చిందట?"

టెస్టరు లేడని దానికి తెలుసు. దాని వెనకే కూర్చుని చెప్పాను కదా. అయినా వెళ్లిన ప్రతిసారీ అడుగుతుంది. మొదటిసారి నేను చెప్పనన్నాను. అప్పుడది బండి పక్కకి ఆపేసి, అద్దంలోంచి నన్నే చూస్తూ కూర్చుంది. నేను చెప్పేదాకా కదల్లేదు.

"ముప్పై ఆరు పైన వచ్చిందటమ్మా" అన్నాను.

"పైన అంటే? సరిగ్గా చెప్పు. ఆయనకి సుమారుగా చెబితే నచ్చదు."

టోపీ కింద అల్లుడి కళ్లు అద్దంలో నన్ను వెతుక్కుంటున్నాయి. టెస్టరు అబద్ధమని మళ్లీ అంటానేమోనని కాదు. అంకె కోసం.

"ముప్పై ఆరు పాయింట్ రెండు" అన్నాను.

చిన్నది పెడలు నేలదాకా తొక్కింది.